చెంచాలో నిలిచే చారు

మేమిద్దరం తోటికోడళ్ళం. నూజివీడు నుంచి ఆగిరిపల్లి పోయే దారికి కొంచెం లోపలగా, మామిడి తోటల మధ్య ఉన్న ఊరు మాది. ఇదివరకు కృష్ణా జిల్లాలో ఉండేవాళ్ళం, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా వాళ్ళమయ్యాం. మేము రాసేవాళ్ళం కాము. స్త్రీల సమాజంలో ఒక సాయంకాలం మా అత్తమ్మ కోసం కాచిన చారు సంగతి వస్తే, నలుగురైదుగురు అక్కలు, "ఎలా చేశారో కాగితం మీద పెట్టి ఇవ్వండి, మా ఇళ్ళల్లోనూ మంచాన పడ్డవాళ్ళున్నారు" అని అడిగారు. సరేనని కూర్చుంటే చారు ఒక్కటే రాయడం మా వల్ల కాలేదు. ఒకరు చెబుతుంటే ఒకరు రాశాం. ఎవరు చెప్పింది ఏదో, ఎవరు రాసింది ఏదో మాకే కలిసిపోయింది గనుక అంతా "మేము" అనే పెట్టాం. విడదీసి చెప్పవలసి వచ్చినచోట మాలో పెద్దామె, మాలో చిన్నామె అంటాం.

మా అత్తమ్మ నోరు రుచి తెలిసిన నోరు. వసారాలో మంచం మీద కూర్చుని, లోపల పులుసు కాగుతుంటే వాసన పట్టి, "పెద్దమ్మాయ్, మెంతులు మాడాయి" అనేది. కూరలో కారం చాలకపోతే తినడం మానదు గాని, కంచంలో పచ్చిమిరపకాయ పెట్టమని అడిగేది. అది మాకు తిట్టుతో సమానం. మామిడికాయల రోజుల్లో ఆమెకు రోజూ ఏదో ఒక పులుపు ఉండాల్సిందే. కలెక్టరు కాయ పులుపు చాలదనేది. బంగినపల్లి కాయను పచ్చిగా కోస్తే, పండవలసిన కాయను పాడు చేశారని గొడవ. పప్పులోకైనా పులుసులోకైనా పచ్చి చిన్నరసమే కావాలి ఆమెకు.

ఆ చిన్నరసం చెట్టు దగ్గరే మా ఇంటి కథంతా ఉంది. మా మామయ్య గారు 2015లో పోయారు. మరుసటి ఏడు ఆరెకరాల తోట రెండు ముక్కలైంది. ఒక ముక్కలో మామిడి అలాగే ఉంది. రెండో ముక్కలో ముదిరిన చెట్లు తీసేసి, ఈ చుట్టుపక్కల చాలామంది చేసినట్టే ఆయిల్‌పామ్ వేశారు. గట్టు మాత్రం సరిగ్గా ఆ చిన్నరసం మొదట్లోంచి పోయింది. మామయ్య గారు నాటిన ఆ మొక్కకు మొదటి మూడు వేసవులు బిందెలతో నీళ్ళు మోసి పోసింది మాలో పెద్దామె. తరువాత తోటంతా ఎండిపోయే కాలం వచ్చినప్పుడు బోరు వేయించిన డబ్బు, మాలో చిన్నామె కువైట్‌లో ఆరేళ్ళు ఒకరి ఇంట్లో వంట చేసి పంపినది. ఇక ఆ చెట్టు ఎవరిది? పెద్దమనుషులు కూడా తేల్చలేకపోయారు. ఆ చెట్టు మూలాన మేము ఏడేళ్ళు మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నాం గాని, వాటిని మాటలు అనలేము. అత్తమ్మ మాత్రం నెలకొక ఇంట్లో వంతుగా ఉండేది. నెల మొదటి తారీఖున ఆమె బట్టల సంచి, బైబిలు, మందుల డబ్బా ఒక గుమ్మం దిగి ఇంకొక గుమ్మం ఎక్కేవి.

2023 మార్చి నెలలో ఒక రాత్రి ఆమె చేతిలోంచి నీళ్ళ గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు లాగినట్టుంది. ఎండకు కళ్ళు తిరిగాయి కాబోలు అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. తెల్లవారి చూస్తే కుడి చెయ్యి, కుడి కాలు లేవలేదు. విజయవాడ తీసుకుపోతే డాక్టరు గారు మొదట అడిగింది, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపలైతేనే ఇవ్వగలరట. మాకు పది గంటలు దాటింది. చదివేవారు దయచేసి ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి: మూతి వంకర, చెయ్యి బలహీనం, మాట తడబాటు, ఈ మూడింటిలో ఏది హఠాత్తుగా కనబడినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ నెల వంతు ఎవరిదో ఇక్కడ రాయం. ఆ రోజున మాలో ఒకరి మనసులో నేరం, ఇంకొకరి మనసులో నింద ఉన్నాయి. రెండూ పైకి రాలేదు.

పన్నెండు రోజులకు ఇంటికి పంపించారు. ముక్కు గొట్టం తీసేసి, "మెత్తటి ఆహారం పెట్టండి" అని కాగితం మీద రాసిచ్చారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మెత్తటిది అంటే పలచటిది అనుకున్నాం. పలచటి రాగి జావ, బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, మజ్జిగ తేట పట్టాం. ప్రతి గుక్కకూ పొలమారేది. కళ్ళలో నీళ్ళు, ముక్కులోంచి జావ. దగ్గు తగ్గాక మళ్ళీ పట్టేవాళ్ళం. మూడో వారానికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. ఈసారి నూజివీడులోనే చేర్చాం. అక్కడ ఒక చిన్నపిల్ల, వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, మేము బార్లీ నీళ్ళు పడుతుంటే చూసి గ్లాసు పట్టేసుకుంది.

ఆ అమ్మాయి చెప్పినది మాకు తెలిసిన దానికి పూర్తిగా తలకిందులు. పలచనిది మింగడం సులువని అందరూ అనుకుంటారు గాని, పక్షవాతం వచ్చినవాళ్ళకు నీళ్ళలాంటిదే ఎక్కువ ప్రమాదమట. అది నాలుక మీద నుంచి చటుక్కున జారిపోతుంది. గొంతు సర్దుకుని ఊపిరి దారి మూసే లోపలే తప్పుదారి పడుతుంది. చిక్కనిది నెమ్మదిగా కదులుతుంది గనుక గొంతుకు వ్యవధి దొరుకుతుంది. అన్నిటికన్నా చెడ్డది ముక్కలూ నీళ్ళూ కలిసినది. అంటే మన సాంబారు, మన పులుసు. నీళ్ళు ముందు పోతాయి, ముక్క వెనక పడుతుంది. పొడిగా రాలిపోయేవి కూడా వద్దన్నది. ఎంత చిక్కగా ఉండాలి అని అడిగితే చెంచా తీసుకుని చూపించింది. వంచితే నీళ్ళలా కారకూడదు, అంటుకుని ఉండిపోనూ కూడదు. ఒక్క క్షణం నిలిచి, ముద్దగా జారాలి. మేము ఆ తరువాత ఆమెకు పెట్టినదంతా ముందు ఆ చెంచా పరీక్షలో నిలిచినదే. అందరికీ ఇదే చిక్కదనం సరిపోతుందని మేము చెప్పలేం. మీ రోగిని చూసే డాక్టరునో, ఇలాంటి అమ్మాయినో అడిగి, వారి ముందు ఒకసారి పెట్టి చూడండి.

పెట్టే పద్ధతి కూడా ఆమే నేర్పింది. నిటారుగా కూర్చోబెట్టాలి, దిండ్లకు ఆనించి వాలుగా కాదు. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. మనమేమో నోరు తెరవడానికని తల వెనక్కి ఎత్తుతాం, అది తప్పు. చిన్న చెంచాతో, బాగున్న బుగ్గ వైపు పెట్టాలి. మింగిందని తెలిశాకే రెండో చెంచా. అయిపోయాక చచ్చుపడిన బుగ్గలో మిగిలిందేమో చూడాలి. అరగంట కూర్చునే ఉండాలి.

ఇంటికి వచ్చి చిక్కటి జావ కాచాం. అరటిపండు మెత్తగా చిదిమాం. పొలమారడం తగ్గింది. కాని అత్తమ్మ తినడం మానేసింది. పళ్ళు బిగించేది. బలవంతంగా పెడితే ఎడమచేత్తో చెంచా తోసేసేది. మాట లేదు, "ఊ" అనే ఒక్క చప్పుడు తప్ప. భుజాల ఎముకలు బయటపడ్డాయి. చూడడానికి వచ్చినవాళ్ళు, "పెద్దామెకు బతకాలని లేదు" అని మా ఎదుటే అన్నారు. మాకూ అలాగే అనిపించింది. ఒక మధ్యాహ్నం పిల్లవాడు పచ్చిమామిడి ముక్కకు ఉప్పూకారం అద్దుకుని ఆమె మంచం పక్కన నిలబడి తింటుంటే, ఆమె చూపు వాడి చేతి మీద నుంచి కదల్లేదు. పెదవి చివర తడి మెరిసింది. ఆ రోజు మాకు అర్థమైంది. ఆమె అన్నం మీద అలగలేదు, చప్పిడి మీద అలిగింది.

"కువైట్‌లో ఒక చారు చేసేదాన్ని అక్కా, చెంచాలో నిలుస్తుంది" అని మాలో చిన్నామె అన్నది. ఏడేళ్ళలో "అక్కా" అన్న పిలుపు అదే మొదటిసారి. అన్న తరువాత గాని ఆమెకే తెలియలేదు.

అక్కడ రంజాను నెలలో సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు ఆ ఇంటివాళ్ళకు చారు తప్పనిసరి. మసూరు పప్పు, అంటే మనం ఎర్ర కందిపప్పు అంటామే అది, మెత్తగా ఉడికించి రుబ్బి నిమ్మకాయ పిండుతారు. ఆ పప్పును వాళ్ళు "అదస్" అంటారు. పిల్లలకైతే అందులోనే మీగడ, చీజు వేసి చిక్కగా చేసేది. ఈ మాట విని మా పాస్టరు గారు ఒక సంగతి చెప్పారు. ఆదికాండము 25వ అధ్యాయములో యాకోబు వండిన ఎర్రని వంటకం మన తెలుగు బైబిలులో చిక్కుడుకాయలని ఉన్నది గాని, హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట "అదషీమ్" అట. అదీ ఇదీ ఒకటే మాట, ఒకటే పప్పు. ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నది ఆ పప్పుచారుకే. తోట పంచుకున్న ఇద్దరు అన్నదమ్ముల ఇంట్లో ఆయన ఆ మాట చెబితే మా ఇంటాయనలిద్దరూ చెరొక దిక్కు చూశారు. ఆయన కావాలని చెప్పారో, మామూలుగా చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఎవరి పొయ్యి మీద వండాలనేది మొదటి చిక్కు. చివరకు రెండిళ్ళ మధ్య పాడుబడి ఉన్న అత్తమ్మ పాత వంటపాక ఊడ్చి, అందులో గ్యాసు పొయ్యి పెట్టాం.

మొదటి రోజు చీజు కోసం నూజివీడు పంపించాం. పెట్టెలో ముక్కలు తెచ్చారు. చారులో వేస్తే చక్కగా కరిగింది, వాసనా బాగుంది. రుచి చూస్తే ఉప్పు. ఆ పెట్టె చీజులో ఉప్పు చాలా ఎక్కువ. రక్తపు పోటు ఉన్న మనిషికి, ఉప్పు తగ్గించమని చెప్పిన మనిషికి, అది ఎలా పెడతాం? ఆ చారు పిల్లలు తాగేశారు. అప్పుడు మాలో పెద్దామె, "చీజు అంటే పాల విరుగుడే కదా, మన గేదె పాలున్నాయి, మన మామిడికాయ ఉంది" అన్నది. తెలుగు బైబిలులో దావీదు దండులోని అధిపతికి మోసుకుపోయినవి జున్ను గడ్డలని చదువుకున్నాం గనుక, చీజు అనేది ఏ విదేశపు వస్తువో కాదని మాకు ధైర్యం. అయితే ముర్రుపాలతో వండే మన జున్ను వేరు, అది వేరు.

రెండో రోజు తప్పు మాలో పెద్దామెది. పాలు విరగగొట్టగా వచ్చిన తేట పారబోయడం ఇష్టం లేక, అందులోనే పప్పు ఉడకపెట్టింది. గంట గడిచినా పప్పు పలుకు విడలేదు. పుల్లటి నీళ్ళలో పప్పు ఉడకదని పులుసు కాచే ప్రతి ఇల్లాలికీ తెలుసు, పప్పు మెత్తబడ్డాకే చింతపండు పోస్తాం. తేట కూడా పుల్లనిదేనన్న సంగతి ఆమెకు తోచలేదు. మూడో రోజు తప్పు మాలో చిన్నామెది. చారు ఇంకా తెల్లగా, మీగడగా ఉండాలని మామిడి పులుపు పడ్డ చారులో పచ్చిపాలు పోసి మరిగించింది. అంతా రవ్వరవ్వగా విరిగిపోయింది. రవ్వ గొంతులో పడితే మళ్ళీ దగ్గే. ఇద్దరం గిన్నె చుట్టూ కూర్చున్నాం. అప్పుడు పెద్దామె, "పాలు పోయకు చెల్లీ. విరుగుడే మెత్తగా రుబ్బి వేద్దాం. ఒకసారి విరిగింది మళ్ళీ ఏం విరుగుతుంది?" అన్నది. చారు గురించే అన్నది. చిన్నామె మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

నాలుగో రోజున కుదిరింది. అదెలాగో చెబుతాం.

అర లీటరు గేదె పాలు పొంగు రానిచ్చి దించండి. ఒక నిమిషం ఆగండి. పచ్చి చిన్నరసం గాని, నాటు పుల్లకాయ గాని తురిమి, గుడ్డలో పిండితే వచ్చిన రసం రెండు మూడు చెంచాలు, కొంచెం కొంచెంగా పోస్తూ గరిటెతో మెల్లగా తిప్పండి. పాలు గడ్డలు కట్టి, పసుపుపచ్చని తేట విడిపోగానే రసం పోయడం ఆపండి. ఎక్కువైతే గడ్డ గట్టిపడుతుంది. పలచటి నూలుగుడ్డలో వడపోయండి. దుకాణంలో అమ్మే పన్నీరులాగా బరువు పెట్టి బిగించవద్దు, మెత్తగానే ఉండనివ్వండి. గేదె పాలలో వెన్న నూటికి ఆరు ఏడు పాళ్ళు ఉంటుంది గనుక అర లీటరుకు వంద గ్రాముల దాకా విరుగుడు దిగుతుంది. తేట పారబోయకండి.

మసూరు పప్పు అర టీ గ్లాసు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రేకలు, చిటికెడు పసుపు, గింజలు తీసిన పచ్చిమిరపకాయలు రెండు, ఇవి మంచినీళ్ళలో బాగా మెత్తగా ఉడకాలి. మసూరు పప్పు కందిపప్పు కన్నా చాలా త్వరగా ఉడుకుతుంది. పప్పు వేలికి వెన్నలా నలిగాక, చెక్కు తీసిన పచ్చిమామిడి ముక్కలు గుప్పెడు వేసి ఇంకొంచెంసేపు ఉంచండి. పప్పుగుత్తితో ఎనిపి, చల్లారాక మిక్సీలో తిప్పి, టీ వడగట్టే జాలిలోంచి గరిటెతో నొక్కుతూ దింపండి. విసుగు పుట్టే పని ఇదే. మామిడికాయ పీచు అంతా జాలిలో ఉండిపోతుంది, అది చూసిన తరువాత ఇంకెప్పుడూ ఆ పని మానబుద్ధి కాదు.

ఇప్పుడు దాచిన తేట పోసి, కావలసినంత పలచన చేసి ఒక ఉడుకు రానివ్వండి. దించండి. విరుగుడును రెండు చెంచాల తేటతో మిక్సీలో వెన్నలా అయ్యేదాకా రుబ్బి, దించిన చారులో కలపండి. మన ఇంట్లో విరగ్గొట్టిన ఈ పాల గడ్డ ఎంత వేడి చేసినా చీజులా తీగలు సాగి కరగదు. పులుపుతో విరిచినది కరగదు, చీజుకు పాలు తోడుపెట్టే పద్ధతి వేరు. కరగదు గనుకనే రుబ్బాలి. రుబ్బితే చారు మీగడలా అవుతుంది, నాలుకకు పలుకు తగలదు. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది గనుక చెంచా పరీక్ష గోరువెచ్చగా ఉన్నప్పుడు చెయ్యాలి.

కారం సంగతి. కారప్పొడి వేయవద్దు, పొడి రేణువు గొంతులో అంటితే దగ్గు ఆగదు. పచ్చిమిరప ఉడికి, రుబ్బి, వడకట్టినది సరిపోతుంది. రెండు మిరపకాయలా అని జంకవద్దు. పాలలోని మాంసకృత్తులు మిరప ఘాటును నాలుక మీద నుంచి లాగేస్తాయి. నీళ్ళు తాగితే చల్లారని కారం మజ్జిగ తాగితే చల్లారేది అందుకే. నోట్లో పుండ్లు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ కారం, ఈ పులుపు పెట్టకండి. అత్తమ్మకు కాస్త పులుపు, కాస్త కారం మంచిదేనని, నోటికి తెలివి వస్తుందని ఆ వ్యాయామం అమ్మాయి చెప్పిన తరువాతే మేము పెట్టాం.

ఆ రోజు నాలుగింటికి అత్తమ్మను కూర్చోబెట్టాం. ఒకరం వీపు పట్టుకున్నాం, ఒకరం చెంచా పట్టుకున్నాం. మొదటి చెంచాకు పళ్ళు బిగించింది. చెంచా పెదవికి తగిలి కొంచెం అంటుకుంది. నాలుక బయటికి వచ్చి అది నాకింది. ఆగింది. మేమూ ఊపిరి బిగబట్టాం. తరువాత నోరు తెరిచింది. పదకొండు చెంచాలు. పక్కన కూర్చుని పిల్లవాడు లెక్కపెట్టాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. మాలో ఎవరు ముందు ఏడ్చామో అని ఇప్పటికీ వాదించుకుంటాం.

పోపు పెట్టలేదు మేము. ఆవాలు, జీలకర్ర గొంతుకు అడ్డం పడతాయని భయం. వారం పైన గడిచాక, ఒక మధ్యాహ్నం పాకలోంచి గిన్నె పట్టుకుని వస్తుంటే, అత్తమ్మ ఎడమచెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపింది. నోరు కదిలించింది, రెండుసార్లు గాలే వచ్చింది. మూడోసారి, "పో... పేది?" అన్నది. నెలన్నర తరువాత వచ్చిన మొదటి మాట అది. మంచం మీద నుంచి ఆమె ఇన్నాళ్ళూ పాక వైపు చెవి పెట్టి ఉన్నదని, చుయ్యిమనే చప్పుడు వినపడక నొచ్చుకున్నదని మాకెలా తెలుస్తుంది? వెనక్కి పరుగెత్తి నెయ్యి కాచి, ఆవాలు, జీలకర్ర, నాలుగు దంచిన మిరియాలు, ఒక ఎండుమిరప, కరివేపాకు వేసి, ఆమెకు వినపడేలా చిటపటలాడించి, ఆ నెయ్యి ఒక్కటే గుడ్డలో వడగట్టి చారు మీద పోశాం. వాసన ఉంటుంది, గింజ ఉండదు. అప్పటినుంచి అలాగే చేశాం. మీరూ అలాగే చెయ్యండి. చప్పుడు మాత్రం రోగికి వినపడేటట్టు చూడండి.

మేలో చిన్నరసాలు పండుబారడం మొదలైంది. ఆమెకు పండు రసం పీచు లేకుండా వడకట్టి పెట్టాం గాని, చారుకు పులుపు కావాలి, కాయలు అయిపోతున్నాయి. గట్టు మీది చెట్టుకు మిగిలిన పచ్చికాయలన్నీ దింపి, చెక్కు తీసి, పలచగా కోసి, ఉప్పు పసుపు రాసి, ఎండలో ఒరుగులు పోశాం. ఎవరి వాకిట్లో ఎండ ఎక్కువ అంటే చిన్నామె వాకిట్లో. ఎవరి దగ్గర పెద్ద చాప ఉంది అంటే పెద్దామె దగ్గర. అత్తమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుని, కాకి వాలితే కర్ర ఊపేది. మబ్బు పట్టినప్పుడల్లా "ఎత్తు, ఎత్తు" అనేది, ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. బాగా గలగలలాడేదాకా ఎండిన ఒరుగులు మూడు జాడీలు నిండాయి. వానాకాలమంతా వాటినే వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, చారులో వేశాం. ఉప్పు పట్టిన ఒరుగు గనుక వేరే ఉప్పు వేయలేదు.

ఆ వంతుల పద్ధతి ఎప్పుడు ఆగిపోయిందో మేము గమనించలేదు. ఆమె మంచం పాక ఎదుట వసారాలోనే ఉండిపోయింది. 2024 వేసవికి కర్ర పట్టుకుని తోట గట్టు దాకా నడిచింది. ఆ ఏడూ ఒరుగులు తన ముందే పోయించింది, ముక్క మందంగా ఉందని చిన్నామెను కోప్పడింది. ఆగస్టులో, నిద్రలోనే, ప్రభువునందు నిద్రించింది. ముందురోజు సాయంత్రం చారు తాగింది, పోపు మాడిందని చెప్పింది. నిజంగానే మాడింది.

ఆమె చేతి కింద పోసిన ఆ చివరి ఒరుగులు ఒక జాడీలో సగం ఉన్నాయి. వాన తేమకు పాడు కాకముందే వాడేయాలని చిన్నామె అంటుంది. ఉండనివ్వమని పెద్దామె అంటుంది. ఇప్పటికి రెండుసార్లు మూత తీసి ఎండబెట్టి మళ్ళీ పెట్టాం. జాడీ పాకలోనే ఉంది.